ఈలపిట్ట కోసం అయిదు రోజులు

"ఆ రెయిన్‌కోటేంటండీ? పిట్టలకి ట్రాఫిక్ సిగ్నల్ వేద్దామనా?"

అభయారణ్యం గేటు దగ్గర జీపు దిగిన ఫొటోగ్రాఫర్‌కి దొరికిన స్వాగతం అది. ఎదురుగా మెడలో బైనాక్యులర్స్, చంకలో నోట్‌బుక్‌తో ఒక యువకుడు. కొండమీది పక్షుల్ని లెక్కపెట్టడం అతని ఉద్యోగం.

"నారింజ రంగైతే తప్పిపోయినా కనబడతాను కదండీ."

"నాతో వస్తే తప్పిపోరు."

"మీతో వస్తానని ఎవరన్నారు, లెక్కల మాస్టారూ?"

వెళ్లక తప్పదని ఇద్దరికీ తెలుసు. నల్లతల ఈలపిట్ట పదేళ్లుగా ఇంకెవరి కంటా పడలేదు. పోయినేడు కొండ పైవాలులో చూశానని అతను రిపోర్టు రాస్తే, "ఫొటో ఏదీ?" అన్నారు పై అధికారులు. ఇప్పుడు ఆ వాలును అభయారణ్యం హద్దుల్లోంచి తీసేసి క్వారీకి ఇవ్వబోతున్నారు. శుక్రవారం మధ్యాహ్నం మీటింగ్. అతని మెయిల్ చదివి, చేతిలో ఉన్న పని పక్కనపెట్టి ఆదివారం సాయంత్రానికి వచ్చి దిగిందామె.

సోమవారమే గొడవైంది. ఆమె ఫోన్‌లో ఈలపిట్ట కూత మోగించగానే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపండి! గుడ్లు పెట్టే కాలం. ఇంకో పిట్ట వచ్చిందనుకుని గూడొదిలి పోట్లాటకొస్తుంది."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్లూ ఏనుగుల్నే తీశానండీ. ఇది తెలీదు. మరెలా?"

"కూర్చోవాలి."

"ఎంతసేపు?"

"అది వచ్చేదాకా."

ఆమె రెయిన్‌కోటు తిరగేసి, బూడిదరంగు వైపు పైకి వచ్చేలా తొడుక్కుని, ట్రైపాడ్ పక్కన కూలబడింది.

మంగళవారం వాన. బుధవారం ఇంకా పెద్ద వాన. జలగలు బూట్లలో దూరాయి. ఆమె తుమ్ము ఆపుకోవాలని చూసి, ఆగక, అతని తువ్వాలు లాక్కుని అందులో తుమ్మింది.

"రేపు జీపుంది. వెళ్లిపోండి," గుసగుసగా అన్నాడతను.

"నన్ను పంపించెయ్యాలని అంత తొందరేంటి?"

"మీకు జలుబు చేసిందండీ బాబూ!"

"చేస్తే చేసింది. ఫొటో లేకుండా కదలను."

గురువారం పిట్ట వచ్చింది. ముక్కున పుల్లతో పొదలోకి దూరిపోయింది. గూడు అక్కడే! కానీ ఆకుల కొమ్మ ఒకటి దాన్ని పూర్తిగా కప్పేసింది.

అతను జేబులోంచి చాకు తీశాడు.

"ఒక్క కొమ్మేనండీ," అన్నాడు. "నాలుగేళ్లు తిరిగాను ఈ వాలంతా. రేపటితో అన్నీ పోతాయి."

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "కొమ్మ తీస్తే గూడు డేగ కంట్లో పడుతుంది. ఫొటో మిగిలి పిట్ట పోతే ఎవరికోసం మాస్టారూ ఇదంతా? రేపు పొద్దునుంది కదా."

చాకు జేబులోకి వెళ్లిపోయింది. ఆమె చెయ్యి మాత్రం కాసేపు అక్కడే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది.

శుక్రవారం పొద్దున్న మంచు విడింది. నల్లటి తల, పసుప్పచ్చటి రొమ్ము. ఎదుటి మోడుకొమ్మ మీద వాలి, ఈలపిట్ట నిండుగా ఈల వేసింది. కెమెరా పదకొండుసార్లు క్లిక్‌మంది.

"చూశారా? ఎంత బాగుందో చూశారా?"

అతను నీళ్లు నమిలాడు. "లేదండీ. మిమ్మల్ని చూస్తున్నాను."

సిగ్గుపడడానికి కూడా టైమ్ లేదు. సిగ్నల్ దొరికేది కింద వంతెన దగ్గరే. రెండు గంటల దారి గంటలో దిగారు. దారిలో అతను జారి నిలువెల్లా బురదయ్యాడు. పన్నెండుకు పది నిమిషాలుండగా ఫొటోలు వెళ్లాయి.

మూడింటికి ఫోనొచ్చింది. విని, వంతెన గోడ మీద కూలబడ్డాడు.

"క్వారీ ఆపేశారు. ఏడాదిపాటు గూళ్ల సర్వే చెయ్యమన్నారు. ఫొటోగ్రాఫర్ కావాలంటే మీ పేరు చెప్పాను."

"నన్నడక్కుండానే?"

"ఇప్పుడడుగుతున్నాను." లేచి నిలబడ్డాడు. "సర్వే కోసమొక్కటే కాదు. మీరంటే ఇష్టమండీ."

ఆమె తమ ఊళ్లో ఫొటో స్టూడియో నడిపే తండ్రికి ఫోన్ కలిపింది. "నాన్నా, ఇక్కడొకరున్నారు. నాకు నచ్చారు. మాట్లాడు," అని ఫోన్ అతని చేతిలో పెట్టేసింది.

"బాబూ, మా పిల్ల మొండిది. తెలుసా?"

"తెలుసండీ. ఆ మొండితనం వల్లే ఈ కొండ మిగిలింది."

అవతల చిన్న నవ్వు. ఇంకేవో రెండు మాటలు.

"ఏమన్నారు నాన్న?" ఆత్రంగా అడిగిందామె.

"ఆదివారం వస్తారట. పిట్టని చూడ్డానికి కాదట, నన్ను చూడ్డానికట."

బురద కొట్టుకుపోయిన అతని అవతారాన్ని ఆమె పైనుంచి కిందిదాకా చూసి పకపకా నవ్వింది.

"అయితే ఓ మంచి చొక్కా చూసుకో."

చూసుకోండి అనలేదు. పక్షుల కూతల్లో రవ్వంత తేడాని కూడా పట్టే చెవులు అతనివి. టక్కున పట్టేశాడు.

"సరే," అన్నాడు. ఒక్క క్షణం తటపటాయించి, "నువ్వే ఎంచి పెట్టు."