ఆఫీసువాళ్ళకి తెలిసిన భార్య

ఆ ఇంట్లో పొద్దుటిపూట వంటగది ఆయనది. ఎవరూ కూర్చుని పంచిపెట్టింది కాదు. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఒకరోజు ఎంతో ఇష్టంగా కూర వండింది. ఆయనా, వాళ్ళమ్మా ఒక్కో ముద్ద తిని, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. వండినావిడ కూడా అందుకుంది. మర్నాడు గరిటె ఆయన చేతికొచ్చింది, ఇక అక్కడే ఉండిపోయింది. ఇల్లు కూడా అప్పట్నుంచే ప్రశాంతంగా ఉంది.

"ఏవండీ, నా టార్చిలైటు ఎక్కడన్నా చూశారా?" హాల్లోంచి కేకేసింది ఆవిడ, బూట్ల లేసులు కట్టుకుంటూ.

"ఫ్రిజ్ మీదుంది."

"అక్కడికెందుకెళ్ళింది?"

"ఫ్రిజ్ వెనకాల బల్లి ఉందని అమ్మ వేసి చూసింది."

"ఉందిరా. ఇప్పటికీ అక్కడే ఉంది. నా మాట ఎవరు వింటారు?" అంది తల్లి, బల్ల దగ్గర కూర్చుని బీన్సు ఈనెలు తీస్తూ.

ఆవిడ లిఫ్టు మెకానిక్కు. బూడిదరంగు యూనిఫారం, భుజాన పనిముట్ల సంచీ, జుట్టు బిగించి ముడి. ఊళ్ళో ఏ మేడ మీద ఎవరు ఇరుక్కున్నా కంపెనీవాళ్ళు ముందు ఆవిడకే ఫోన్ చేస్తారు. ఆయన బీమా కంపెనీలో గుమాస్తా. ఆయన రెండు డబ్బాల్లో అన్నం సర్ది, బీన్సు కూర వేసి, పైన నేతిలో వేయించిన జీడిపప్పు చల్లాడు. జీడిపప్పు ఆయన సంతకం లాంటిది. అది లేకుండా ఏ డబ్బాకీ మూత పడదు. ఒకే రకం నీలం మూతల డబ్బాలు, ఒకటి ఆయనకి, ఒకటి ఆవిడకి.

"వాసన చంపేస్తోంది. పదకొండింటికే తినేస్తానేమో," అంటూ ఆవిడ డబ్బా సంచీలో పెట్టుకుని వెళ్ళింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులకి అంటిన ఇంగువ వాసన పోయేలా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని మరీ బయల్దేరాడు. ఆ రెండోసారి కడుక్కోవడం వెనక ఒక కథ ఉంది.

ఇంతకుముందు పనిచేసిన బ్రాంచిలో ఆయన అమాయకంగా నిజం చెప్పాడు, ఇంట్లో వంట తనదేనని. వారం తిరక్కుండా ఆయన పేరు 'వంటాయన' అయిపోయింది. మీటింగులో నోరు విప్పితే చాలు, "ఇంతకీ ఇవాళ కూరేంటి బాబాయ్?" అని ఎవరో అనేవాళ్ళు, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. చెప్పబోయిన మాట అక్కడే ఆగిపోయేది. ప్రమోషన్ల సమయంలో ఆయన ఎవరికీ గుర్తు రాలేదు. అందుకని ఈ బ్రాంచికి మారాక ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. మొదటిరోజు పక్క సీటాయన డబ్బాలోంచి ఓ ముద్ద రుచి చూసి, "మీ ఆవిడ చెయ్యి బంగారమండీ," అంటే ఈయన చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. అబద్ధం చెప్పలేదు. నవ్వాడంతే.

ఆ నవ్వు మీద మెల్లగా ఓ సంసారమే లేచింది. ఆఫీసువాళ్ళకి తెలిసిన ఆయన భార్య తెల్లారకుండా లేస్తుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది, గుమ్మం దాటదు, భర్త చొక్కా మీద మడత పడనివ్వదు. అంత ఒద్దికైన ఇల్లున్న మనిషి కాబట్టి ఆయన మాటకి విలువ వచ్చింది. మేనేజరు మేడమ్ కూడా ఆయన్ని సెక్షన్ హెడ్ చేసే ఆలోచనలో ఉందని గుసగుసలు వినిపిస్తున్నాయి. ఆ వారంలోనే తేల్చేస్తారట.

సరిగ్గా ఆరోజే, భోజనాల వేళకి కాస్త ముందు, ఆఫీసు లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల మేడమ్ ఉంది. అందరూ లిఫ్టు ముందు గుమిగూడి, తలుపుకి నోరు ఆనించి తలో ధైర్యం చెబుతున్నారు. రోజూ వచ్చే మెకానిక్కు సెలవులో ఉన్నాడు, బదులుగా ఇంకెవర్నో పంపుతున్నారని ఎవరో అన్నారు. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆయన తల తిప్పి చూశాడు. పైప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడా చూసింది. మొహం విప్పారింది, "ఏవండీ" అనడానికి పెదవులు కదిలాయి కూడా. ఆయన చటుక్కున చూపు ఫోన్లోకి దించేసుకున్నాడు. ఫోన్లో ఏమీ లేదు.

ఒక్క క్షణం. అంతే.

"కొంచెం పక్కకి జరగండి సార్," అంది ఆవిడ.

మేడమ్‌తో తలుపు ఇవతల నుంచే కబుర్లు చెబుతూ, పైకెళ్ళి కిందికొచ్చి, ఆవిడ తన పని తను చేసుకుపోయింది. కాసేపటికి మేడమ్ చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి, గొంతు తడుపుకోవడానికి తన గదిలోకి వెళ్ళిపోయింది. లిఫ్టులో ఒక భాగం మార్చాలి, రేపు తెస్తాను, అప్పటిదాకా ఎవరూ ఎక్కొద్దని చెప్పి ఆవిడ పనిముట్లు సర్దుకుంటుంటే పక్క సీటాయనకి జాలి పొంగుకొచ్చింది.

"పాపం, ఆడమనిషివి, ఇంత బరువు పనేంటమ్మా? ఇదిగో, మా వాడి భార్యని చూడాలి నువ్వు. గడప దాటదు. ఆవిడ చేతి వంట తింటే జన్మలో మర్చిపోవు."

ఆవిడ సంచీ జిప్పు లాగుతూ ఆగింది. "ఆవిడంత బాగా వండుతుందా సార్?" అని అడిగింది, నేరుగా ఆయన్నే చూస్తూ.

ఆయన నీళ్ళు నమిలాడు. "ఆ... బాగానే వండుతుంది."

"అదృష్టవంతులు సార్," అని ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి ఆవిడ స్నానం చేసి, అత్తగారి పక్కన కూర్చుని టీ తాగుతోంది. అరవలేదు, ముఖం ముడుచుకోలేదు. అందుకే ఆయనకి భయం వేసింది.

"వచ్చారా సార్. కూర్చోండి సార్. టీ తాగుతారా సార్?"

తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఇదేం వరసే తల్లీ? మొగుణ్ణి సార్ అంటున్నావు?"

"ఆఫీసులో అలా పిలిస్తే ఆయనకి బాగున్నట్టనిపించింది అత్తయ్యా. మీ అబ్బాయికి అక్కడింకో భార్య ఉంది, తెలుసా? వంట బాగా చేస్తుందట. గడప దాటదట. నాకూ ఒకసారి చూడాలనుంది."

ఆయన అలవాటు కొద్దీ ఖాళీ డబ్బాలు కడగడానికి వంటగదిలోకి వెళ్ళాడు. తన డబ్బా కడిగాడు. రెండోది చేతిలోకి తీసుకోగానే బరువు తెలిసింది. మూత తీశాడు. పొద్దున సర్దిన అన్నం సర్దినట్టే ఉంది. జీడిపప్పు ఒక్కటి కూడా కదల్లేదు.

పదకొండింటికే తినేస్తానన్న మనిషి. డబ్బా పట్టుకుని గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"తినలేదేం?"

"మీ ఆఫీసులో పని అవగానే అక్కడే మెట్ల మీద కూర్చుని తిందామనుకున్నా. తర్వాత వెళ్ళాల్సిన మేడ చాలా దూరం. మీ పక్క సీటాయన అక్కడే తిరుగుతున్నాడు. మూత తీస్తే గుర్తుపట్టేస్తాడు కదా, మీ జీడిపప్పుని." ఆవిడ చూపు డబ్బా మీద నిలిచింది. "మీ పరువు పోతుందని మూసేశా. ఆ తర్వాత ఆకలి చచ్చిపోయింది."



"ఆ బ్రాంచిలో నన్నెలా ఆడుకున్నారో నీకు తెలుసు. మళ్ళీ అదే జరుగుతుందని భయపడి, వాళ్ళు వంట నీదనుకుంటే నవ్వి ఊరుకున్నాను," అన్నాడు.

"తెలుసు. మీరు నవ్వి ఊరుకున్నారంటే నేనూ నవ్వేదాన్ని. వంట నేనే చేశానని చెప్పుకోండి, నా సొమ్మేం పోయింది? కానీ నన్ను చూసి తల దించేసుకున్నారు చూశారా. నేను రోజూ నలుగురిని చీకట్లోంచి బయటికి లాగుతాను. ఎక్కడా ఎవరూ అలా తల దించుకోలేదు."

తల్లి బల్ల మీంచి టీ కప్పులు తీసింది. "నీ నలుగురి కోసం ఇంట్లో మనిషి పస్తు ఉందిరా," అంది కొడుకుతో. గట్టిగా కూడా అనలేదు. ఆయన ఆ డబ్బా బల్ల మీద పెట్టి, మొహం అరచేతుల్లో దాచుకున్నాడు. చాలాసేపటికి తల ఎత్తితే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ మళ్ళీ పెట్టిన టీ ఆయన ముందుకి జరిపింది. అయినా ఆ రాత్రి ఆయన ఆ ఇంట్లో 'సార్' గానే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన రెండు డబ్బాలూ కట్టి, రెండూ తన సంచీలోనే పెట్టుకున్నాడు. ఆవిడ చూసింది, అడగలేదు.

భోజనాల వేళకి లిఫ్టు బాగైంది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ మెట్ల వైపు నడుస్తుంటే ఆయన భోజనాల గదిలోంచి బయటికొచ్చాడు.  నలుగురూ వింటుండగా, మామూలుగా ఇంట్లో పిలిచినట్టే, "ఇదిగో, అన్నానికి రా," అన్నాడు.

గదిలో చెంచాలు ఆగాయి.

"మా ఆవిడ," అన్నాడు ఆయన, ఆవిడకి కుర్చీ లాగుతూ. "నిన్న చెప్పాల్సింది. నోరు రాలేదు. ఇంకోటి. ఇన్నాళ్ళూ మీరు మెచ్చుకుంటున్న వంట ఆవిడది కాదు, నాది. ఆవిడకి వంట రాదు."

"బొత్తిగా రాదు," అంది ఆవిడ, కూర్చుంటూ.

పక్క సీటాయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మూల నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "అయితే రేపటి నుంచి కూర ఏంటని మిమ్మల్నే అడగాలన్నమాట బాబాయ్," అన్నారింకెవరో. రానే వచ్చింది. ఆయన ఇన్నేళ్ళూ పారిపోతూ వచ్చిన మాట అదే. ఆ మాట వచ్చి, ఆయన పక్కనే ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నట్టుంది గానీ ఏమీ చెయ్యలేదు.

"అడగండి. బీన్సయితే పొద్దున్నే చెప్పాలి, ఈనెలు మా అమ్మ తీయాలి," అన్నాడు.

ఈసారి అందరూ నవ్వారు, ఆయనతో కలిపి. గుమ్మంలో నిలబడ్డ మేనేజరు మేడమ్ కూడా నవ్వి, ఆవిడ దగ్గరికొచ్చింది. "చీకట్లో నాకు ఊపిరాడనప్పుడు మీ అత్తగారి బల్లి కథ చెప్పి నవ్వించారు. ఆ బల్లి ఈయన ఇంట్లోదేనా?" అంది. సెక్షన్ హెడ్ సంగతి ఆమె ఎత్తలేదు. చిత్రం, ఆయనకీ ఆ క్షణంలో అది గుర్తు రాలేదు.

పక్క సీటాయన తేరుకుని, అలవాటుగా చెయ్యి చాపాడు. ఆయన డబ్బా వెనక్కి లాగి, ముందు భార్య ముందు పెట్టి మూత తీశాడు. ఆవిడ ఆకలిగా ఓ పెద్ద ముద్ద తింది. ఇంకోటి తింది. గదంతా ఆవిడ ఏమంటుందోనని చూస్తోంది. ఆయన అందరికంటే ఎక్కువగా చూస్తున్నాడు.

ఆవిడ నమలడం ఆపి, కాస్త ఆలోచించి, తల పక్కకి వాల్చింది.

"ఏవండీ," అంది, "ఇవాళ ఉప్పు కొంచెం తగ్గింది."