పన్నెండు జెల్ బిళ్లలు

రేణుకకు ఆ ఉదయం రెండు కోపాలు. ఒకటి బస్సుల మీద, రెండోది రామబ్రహ్మం మీద.

బస్సుల మీద కోపం ఇంట్లో పైకి అనడానికి లేదు. తెలంగాణ కోసం బస్సులాపి సమ్మె చేస్తున్న డ్రైవర్లలో వాళ్ల నాన్న ఐలయ్య కూడా ఉన్నాడు.

"నాయినా, ఇయ్యాల ల్యాబ్‌కు పోకుంటే నా కణాలు సచ్చిపోతయ్."

ఐలయ్య మోకాలు రాసుకుంటూ నవ్వాడు. ముప్పై ఏళ్లు క్లచ్ తొక్కి అరిగిన మోకాలది. "జర పైలంగ నడువు బిడ్డా. నా మోకాలు గూడ నీ చేతులనే ఉన్నది."

ఆ మాటలో వేళాకోళం సగమే. ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలను మెత్తటి జెల్ బిళ్లల్లో పెట్టి, కీళ్ల మధ్య అరిగిపోయే కార్టిలేజ్‌ను కొత్తగా పెంచడమే రేణుక పని. పన్నెండు బిళ్లలు, పద్దెనిమిది రోజుల పెంపకం. వాటిని ముంచి ఉంచే గులాబీ రంగు మీడియమే కణాలకు తిండి. రెండు రోజులకోసారి మార్చకపోతే పసుపు రంగుకు తిరుగుతుంది, ఆపైన కణాలు దక్కవు. ఇవి పోతే ఆమె ఫెలోషిప్పూ పోతుంది.

నిన్న మార్చాల్సిన వంతు ల్యాబ్‌లో తోటి పరిశోధకుడు రామబ్రహ్మానిది. పేరు తాతగారిదైనా వయసు ఇరవై ఆరే. తెనాలి అబ్బాయి. మొన్న ఊరికే, "ఈ బంద్‌లు ఇంకా ఎన్నాళ్లండీ?" అన్నాడు.

"అంత పరేషానైతే మీ ఊరికి పోండ్రి!" అని రేణుక గయ్యిమంది.

నిన్నటి నుంచి అతని ఫోన్ స్విచాఫ్. నిజంగానే పోయాడా? పొమ్మన్నది తనే కదా!

మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా తుంపర్లో మూడు గంటలు నడిచింది. దారంతా ఆమె కళ్ల ముందు పసుపు రంగే.

ల్యాబ్‌లో అడుగు పెడుతూనే ఇంక్యుబేటర్ తలుపు తెరిచింది. పై అరలో తన బిళ్లల డబ్బా. గులాబీ రంగు! ప్రాణం లేచొచ్చింది. కింది అరలో రామబ్రహ్మం డబ్బా, అదీ పద్దెనిమిది రోజులదే. నిలువునా పసుపు.

"వచ్చేశారా అండీ?" వెనక మాసిన చొక్కాతో రామబ్రహ్మం.

"ఫోనెందుకు బంద్ పెట్టిండ్రు?"

"ఛార్జర్ నా రూమ్‌లో ఉండిపోయిందండీ. బస్సుల్లేక రెండు రోజులుగా ఇక్కడే ఉన్నాను."

"మరి మీ కణాలు?"

"మీడియం తెచ్చే వ్యాన్ రాలేదు. సీసాలో ఒక డబ్బాకే సరిపడా మిగిలింది."

"మీ దాంట్ల పోసుకోవాలె గదా! పిచ్చా మీకు?"

అతను తల వంచుకున్నాడు. "నావి పోతే మళ్లీ మొదలుపెట్టుకుంటానండీ. మీరు నా మీద కోపంతోనే ఉండిపోతే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను? మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

రేణుకకు ఏడుపు ఆగలేదు. ముక్కు తుడుచుకుని మార్కర్ తీసింది. తన డబ్బా మూత మీద, తన పేరు పక్కన అతని పేరు రాసింది.

"మీ నాన్నగారు ఏమంటారో?" అన్నాడు రామబ్రహ్మం భయంగా.

"నాకు గూడ బుగులే." గొడుగు చేతికి తీసుకుని, పొమ్మన్న నోటితోనే అడిగింది. "మూడు గంటల నడక. మా ఇంటికి వస్తవా?"