పూడ్చిన బెజ్జాలు

శుక్రవారం పొద్దున్నే నెల్లికుదురులో పంచర్ షాపు తెరిచిన కట్టయ్య, కూతురి ట్రక్కు చక్రాలను నీళ్ల తొట్టిలో ముంచాడు. అది బొమ్మ ట్రక్కే, కానీ బొమ్మ అంటే నీలి ఊరుకోదు. రిమోట్‌తో పరిగెత్తే ఆ ట్రక్కుకు ఆదివారం హైదరాబాదులో పందెం ఉంది. బురదలో పరుగు కదా అని పొడవాటి ముళ్ల టైర్లూ, వాటికి సరిపడే వెడల్పు రిమ్ములూ వారం రోజులు వెతికి తెప్పించి, చిటికెలో పట్టేసే జిగురుతో అతికించింది.

నాలుగు టైర్ల నుంచీ బుడగలొచ్చాయి. ముప్పై ఏళ్లలో కట్టయ్య కంటపడిన బెజ్జం ఒక్కటీ పూడకుండా పోలేదు. నాలుగింటికీ ప్యాచీలు వేసి, కూతురు లేచేదాకా మురిసిపోతూ కూర్చున్నాడు.

“బాపూ, ఏం జేసినవ్!” టైరు నొక్కి చూసి నీలి అరిచింది. “గవి పంచర్లు గావు. లోపల స్పాంజి ఉంటది, గాలి పోనీకే గా బొక్క. మూస్తే ఎగిరి పడ్డప్పుడల్ల బంతి లెక్క తుళ్లుతది!”

“నాకెర్క లేదు బిడ్డా. జర ఆగు, మల్ల జేస్త.”

“ఒద్దు! ఉన్నదే ఒక్క కన్ను, గదేం ఆనుతది నీకు?”

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. లారీ చక్రం రింగు ఎగిరి తగిలి ఆయన ఎడమ కన్ను పోయినప్పుడు నీలికి ఆరేళ్లు. నీలి లోపలికి వెళ్లగానే కట్టయ్య ఒక ప్యాచీ పీకాడు. దాంతోపాటు టైరు అంచు రిమ్ము నుంచి ఊడింది. అతికిద్దామంటే జిగురు సీసా మూతి ఎండిపోయి ఉంది. మొహానికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా నొక్కాడు.

“పుష్పా!”

ఆ కేకకు తల్లీకూతుళ్లు పరిగెత్తుకొచ్చారు. జిగురు చిమ్మి కుడి కంటి రెప్పలు రెండూ అతుక్కుపోయాయి. ఆయన చేతులు గాలిలో తడుముతున్నాయి. పుష్ప రెప్పలు విప్పబోయింది.

“గుంజకే అవ్వా!” నీలి తల్లి చెయ్యి పట్టి ఆపి, ఆ కంటి మీద నీళ్లు పోసింది.

మహబూబాబాద్ దవాఖానకు ఆటోలో బయల్దేరారు. ఎండ ఆయన మొహం మీదే పడుతోంది.

“పొద్దెక్కిందా బిడ్డా?” అని అడిగాడు.

నీలి ఆయన మొహానికి ఎండ తగలకుండా చెయ్యి అడ్డుపెట్టింది.

“బలవంతం చేయొద్దు. దానంతట అదే విచ్చుకోవాలి. జిగురు కనుగుడ్డుకు తగిలిందో లేదో అప్పుడే తెలుస్తుంది,” అని దవాఖానలో డాక్టరమ్మ మందిచ్చి పంపింది.

రెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. నీలి తండ్రి చెయ్యి వదలలేదు. తన మాటే ఆయన కన్ను తీసిందని లోలోపల భయంతో చచ్చిపోయింది.

“తప్పయింది బాపూ.”

“ఊకో బిడ్డా.”

ఆదివారం మధ్యాహ్నం రెప్ప సన్నగా విచ్చుకుంది. కన్ను ఎర్రగా ఉంది, నీళ్లు కారుతున్నాయి. కట్టయ్య మెల్లగా తల తిప్పి, గూట్లో ఉన్న ట్రక్కు వైపు చాలాసేపు చూశాడు.

“గా మూడు టైర్లకు నా ప్యాచీలు గట్లనే ఉన్నయేందే? పందెంకు పోలేదా?”

నీలి ఆయన ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఉండనియ్యి బాపూ,” అంది. “గవి గట్లనే ఉండనియ్యి.”