బాలింత గుండె

“పిల్ల గొంతు చించుకుంటుంటే గట్ల గోడకానుకొని కూసున్నవేంది? మేం కనలేదా పిల్లల్ని?”

అత్తగారు నీలమ్మ మాటకు లేవబోయింది హరిత... చేతకాలేదు! మంచం దగ్గర నుంచి ఉయ్యాల దాకా నడవడానికే ఊపిరి అందక అలా గోడ పక్కన కూలబడింది. పురుడు పోసుకుని నెల దాటింది. పాదాలు వాచి, నొక్కితే గుంట పడుతున్నాయి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే దగ్గు. చెప్పినప్పుడల్లా “బాలింతకు నీరు పట్టుడు మామూలే” అని కొట్టిపారేసేది నీలమ్మ. ఇంకెవరికి చెప్పుకోవాలి? కన్నతల్లి ఏనాడో కన్నుమూసింది. అనంతపురం నుంచి ఉద్యోగానికని నగరానికొచ్చి, ఆఫీసులో పరిచయమైన దినేశ్‌ను ఇష్టపడి చేసుకుంది హరిత. నగర శివారు గోపన్‌పల్లిలో పుట్టి పెరిగిన నీలమ్మకు ఆ పెళ్లి మొదటి నుంచీ మింగుడుపడలేదు. మణికొండ ఫ్లాట్‌లో అందరూ ఒక్కచోటే ఉంటున్నా, అత్తాకోడళ్ల మధ్య అవసరానికి మించిన మాట లేదు...

పాప ఏడుపు ఎంతకీ ఆగకపోవడంతో దినేశ్ ల్యాప్‌టాప్ వదిలి పరుగెత్తుకొచ్చాడు. భార్య పెదవులు నీలంగా మారి ఉన్నాయి!

“అమ్మా! పిల్లనెత్తుకో. దవాఖానకు పోదాం పా!”

ఆస్పత్రిలో గుండెకు ఎకో స్కాన్ తీసే గదిలోకి తోడుగా ఒక్కరినే రానిచ్చారు. పాపతో దినేశ్ బయట ఉండిపోయాడు, నీలమ్మ లోపలికెళ్లింది. హరితను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జెల్ రాసి, డాక్టర్ వసంత పరికరాన్ని ఆనించింది. తెర మీద నలుపు తెలుపుల్లో గుండె కనిపించింది. కొట్టుకుంటున్నట్టు లేదు... నీరసంగా వణుకుతున్నట్టుంది.

“చూడండి పెద్దమ్మా. గుండె అంటే కండరమే. ముడుచుకుంటే రక్తం ఒళ్లంతా పోతుంది, సడలితే మళ్లీ నిండుతుంది. నిండినదాంట్లో సగానికి పైనే ఒక్కో దెబ్బకు బయటికి తోయాలి. ఈ అమ్మాయి గుండె పాతిక శాతమే తోస్తోంది. అందుకే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.”

నీలమ్మ ముఖం మాడిపోయింది. “అంటే... ముందుగాల్నే రోగమున్న పిల్లనా? మాకు చెప్పకుండ మా వాన్ని చేసుకున్నదా?”

హరిత కళ్లు మూసుకుంది. కన్నీళ్లు ముక్కు మీదుగా జారి దిండు తడిసిపోయింది.

“కాదమ్మా!” డాక్టర్ గొంతు కటువుగా మారింది. “సిజేరియన్‌కు ముందు తీసిన ఎకోలో ఈమె గుండె అరవై శాతం తోసింది. అంటే భేషుగ్గా ఉన్నట్టే! ఏ జబ్బూ లేని తల్లులకు కూడా కాన్పు వల్ల అరుదుగా ఇలా అవుతుంది. ఇది బద్ధకం కాదు. ఇంత బలహీనమైన గుండెతో మీ మనవరాలికి పాలిస్తూ, ఇంట్లో తిరిగి పని చేసింది!”

నీలమ్మ మంచం చివరికెళ్లి కోడలి పాదం మీద వేలుతో నొక్కింది. గుంట పడింది... పూడలేదు. అంతే, బావురుమంది!

“గీ కాళ్లతోనా బిడ్డా నీతోని బట్టలు పిండిపిచ్చిన! మీ అమ్మే ఉంటే గిట్ల కానిస్తుండెనా...”

“ఊరుకోండి అత్తమ్మా... మీకు మాత్రం ఏం తెలుసు?” ఆయాసపడుతూనే అంది హరిత.

ఆ రోజే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. మందులు మొదలయ్యాయి. పాపకు తల్లిపాలు మాన్పించారు. ఇంటికి తెచ్చాక పాపకు డబ్బా పాలు పట్టడం, స్నానం, నిద్రపుచ్చడం... అన్నీ నీలమ్మే! కోడలికి ఉప్పు తగ్గించాలన్నారని ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరే వండింది. “అదొక్కతే ఎట్ల తింటది?” అని కొడుకు నోరు మూయించింది. నెలలు గడిచేకొద్దీ ఎకోలో అంకె మెల్లగా పెరిగింది. పాప బోర్లా పడి పాకే నాటికి యాభైకి దగ్గరైంది!

ఆ శుభవార్త చెప్పిన నోటితోనే డాక్టర్ వసంత తన గదిలో ముగ్గురినీ కూర్చోబెట్టి మరో మాట కూడా చెప్పింది.

“మళ్లీ గర్భం మాత్రం వద్దు. ఈ గుండె ఇంకో కాన్పును తట్టుకోకపోవచ్చు.”

హరిత నీలమ్మ చెయ్యి పట్టుకుంది. “అత్తమ్మా... మీకు దినేశ్ ఒక్కడే కొడుకు. నా వల్ల మీ వంశం ఆగిపోవద్దు. తనకు ఇంకో పెళ్లి...”

“నోరు ముయ్యి! పెద్ద మాటలొచ్చినయ్ నీకు!” అని కసిరి, నీలమ్మ డాక్టర్ వైపు తిరిగింది. “డాక్టరమ్మా, పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ మొగోళ్లకు గూడ చేస్తరట గద?”

“చేస్తారమ్మా. చిన్నదే. అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు.”

“అయితే మా వానికి చెయ్యుండ్రి. ఈ పిల్లను ఒకసారి కోసిన్రు, సాలు. ఇంకో కోత నేను పెట్టనియ్య!”

దినేశ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. “అమ్మా! ఇక్కడనా ఈ మాటలు...” అంటూ భార్య వైపు చూశాడు. కన్నీళ్లతో తడిసిన ఆ ముఖం చూశాక డాక్టర్ వైపు తిరిగాడు.

“నా పేరు రాసుకోండి మేడమ్,” అన్నాడు మెల్లగా.

హరిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నీలమ్మ మనవరాలిని చంకనేసుకుని లేచింది.

“ఏడ్చింది సాలు తీ. దినేశా, లిఫ్టు కాడ మస్తు మంది ఉన్నరు. నీ పెండ్లాన్ని నిలవెట్టకు. కుర్సీల కూసోవెట్టు, జర ఖాళీ అయినంక పోదాం.”