పన్నెండో పేజీకి జవాబు

ముప్పై మంది రైతులు, ముప్పై ఫోన్లు. అరగంటైనా ఒక్క బుకింగ్ రాలేదు.

శ్రీవాణి ల్యాప్‌టాప్ తెర వంకే చూస్తూ కూర్చుంది. రాష్ట్రం సరిహద్దు అవతల కోర్పనా దగ్గరి ఆ ఊళ్లో, యంత్రాలు కిరాయికిచ్చే అక్షయ్ వాళ్ల ట్రాక్టర్ షెడ్డులో, ఆ ఉదయమే వెబ్‌సైటు మొదలైంది. తొలకరి తెచ్చే మిరుగం కార్తెకు ఇంకా తొమ్మిది రోజులుంది. దున్నే యంత్రాల కోసం రైతులు ఎగబడే రోజులు. ఫోన్‌లో ఊరి మ్యాపు మీద తమ చేనును తాకితే అది పచ్చబడుతుంది. రోటావేటర్, కల్టివేటర్, ట్రాలీ బొమ్మలు ఒక్కొక్కటే కదిలి వస్తాయి. యంత్రాన్నీ రోజునూ ఎంచుకుంటే కిరాయికి బుక్ అయినట్టే. నాలుగు నెలలు ఆమె కూర్చుని చేసిన పని అది.

రైతులు తమ చేలను పచ్చగా చేసుకుని మురిసిపోతున్నారు. తర్వాత వేలు అక్కడే ఆగిపోతోంది.

"ఏందన్నా, బుక్ చేస్తలేవు?" అక్షయ్ అడిగాడు.

"చేస్త, తొందరేంది?" అంజన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఇంటికి పోయి ఆరాంగ చేస్త."

ఒకతనికి చార్జింగ్ లేదట. ఇంకొకతను కళ్లద్దాలు మరిచాడట. ఆ మాట విని, నిండా పాతికేళ్లు లేని కుర్రవాడు కూడా తన కళ్లద్దాలూ ఇంట్లోనే ఉన్నాయన్నాడు.

శ్రీవాణికి నవ్వు రాలేదు. పట్నంలోని తుకుం పేటలో ఒక గది తీసుకుని సొంతంగా వెబ్‌సైట్ల పని మొదలుపెట్టి రెండేళ్లయింది. ఒక బేకరీ, ఒక ట్యూషన్ సెంటర్, ఒక జిమ్. ఏదీ ఇంకో క్లయింటును తెచ్చిపెట్టలేదు. ఇదొక్కటి నడిస్తే చూసి తామూ చేయించుకుంటామని యంత్రాలున్నవాళ్లు ముగ్గురు చెప్పారు. నడవకపోతే పుణెలో ఉద్యోగం ఉంది; ఆ సంగతి అక్షయ్‌కూ తెలుసు. సోమవారానికల్లా జవాబు చెప్పాలి.

అప్పుడు అక్షయ్ వాళ్ల నాయనమ్మ సారక్క చాయ్ గ్లాసులతో వచ్చి, శ్రీవాణి భుజం మీదుగా తెరలోకి తొంగి చూసింది.

"బొమ్మలు మంచిగున్నయ్ బిడ్డా. గా కింద రాసిందేంది?"

"రోజు ఎంచుకోండి అని, అవ్వా."

"నాకైతే సదువు రాదు. చెప్పనీకి సిగ్గు లేదు. గీళ్లంత సదివినోళ్లే గాని మరాఠీ బడుల సదివిండ్రు. తెలుగు రాత ఈడ ఎవనికొస్తది?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతివాడూ ఇంతసేపూ తనకొక్కడికే రాదనుకుని దాచుకుంటున్నాడని అందరికీ ఒకేసారి అర్థమైంది.

శ్రీవాణి అక్షయ్ వైపు తిరిగింది. "సర్, పన్నెండు పేజీలు పంపిన. పన్నెండిటికీ మీరు ఓకే చెప్పిండ్రు."

అక్షయ్ శుభ్రంగా ఉన్న చేతులనే గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"మీకు కూడా రాదా?"

"మాట్లాడొస్తది మేడం. రాత రాదు."

"తెలుగుల్నే గావాలె అన్నది మీరే గదా!"

"మనోళ్లకు మన మాట ఉంటే మంచిగుంటది అనుకున్న. వాళ్లకు వస్తదనుకున్న. నాకొక్కనికే రాదనుకున్న."

శ్రీవాణి లేచి బయటికి వెళ్లి, ట్రాలీ పక్కన నిలబడింది. పన్నెండు పేజీల శ్రమ వృథా అయినందుకు కాదు. ఆమె ఆలోచిస్తున్నది పన్నెండో పేజీ గురించే.

వెబ్‌సైటు గీసేవాళ్లకు ఒక అలవాటుంది. అసలు మాటలు ఖాయమయ్యేదాకా ఆ చోటు ఖాళీగా కనిపించకుండా ఏవో మాటలు నింపుతారు. బుకింగ్ అయ్యాక ధన్యవాదాలు చెప్పే చివరి పేజీలో, నెల కిందట, శ్రీవాణి ఏవో మాటలు నింపలేదు. అక్షయ్ మీద తన మనసులో ఉన్నది మూడు వాక్యాల్లో రాసింది. తాను పెరిగిన భద్రావతి క్వార్టర్స్‌లో చిన్నప్పుడు అమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలు. ఆ అక్షరాలతో ఒక మగవాడికి అలాంటి మాట రాయడం అదే మొదటిసారి. రెండుసార్లు చెరిపి, మూడోసారి పంపింది.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "చాలేల్ మేడం. ఫైనల్."

చాలేల్ అంటే మరాఠీలో సరే, నడుస్తుంది అని. బజారులో వంకాయల బేరం కుదిరినప్పుడు అనే మాట. అందంగా తప్పుకున్నాడనుకుంది. మర్నాడే ఆ వాక్యాలు తీసేసింది. అప్పటినుంచి ఫోన్లు మాని మెయిళ్లే పంపింది. గదికి వస్తే కుర్చీ చూపించింది గాని చాయ్ అడగలేదు.

వెనక అడుగుల చప్పుడైంది.

"ఎందుకు చెప్పలే?" తిరగకుండానే అడిగింది.

"మొదటి రోజు మీరు గడగడ చదివి వినిపించిండ్రు. నాకు రాదంటే చిన్నతనమైతది అనుకున్న. తర్వాత ప్రతి పేజీకి ఫోన్ చేసి 'ఒక్కసారి మీరే చదువుండ్రి' అన్న, యాదికుందా?"

"సతాయిస్తుండ్రు అనుకున్న."

"మొదట్ల వినకపోతే తెల్వదని అడిగిన. తర్వాత తర్వాత..." అక్షయ్ ఆగాడు. "తర్వాత ఊకనే అడిగిన. పదకొండు పేజీలు చదివిండ్రు. పన్నెండోది వచ్చినప్పుడు పనిల ఉంటి, చదవమని అడగకుండనే ఓకే అన్న. ఆ మర్నాటి సంది మీరు మునుపటి లెక్క లేరు. నెల రోజులైంది. నేనేం తప్పు చేసిన మేడం? ఆ పేజీల ఏముండె?"

ఇప్పుడు చెబితే ఏడుపొస్తుంది. లోపల ముప్పై మంది ఉన్నారు.

"ముందు పని చూద్దాం," అంది.

లోపలికి వెళ్లి అందరి ముందూ చేతులు జోడించింది. "తప్పు నాది. ఎవరు చదువుతరో అడగకుండ రాసిన. శనివారం దాకా ఆగుండ్రి."

మూడు రోజుల్లో ఆ సైటుకు మాట నేర్పింది. బొమ్మను తాకితే చదవనక్కర్లేదు, వినొచ్చు. కింద చిన్నగా మరాఠీ. గొంతు సారక్కది. ధాన్యం గదిలో ప్రతిధ్వని రాకుండా గోనెసంచులు వేలాడదీసి, ఆమెను మధ్యలో కూర్చోబెట్టారు.

"రాసింది చెప్పనీకి నేనేమన్న చిలుకనా?" సారక్క కసిరింది. "నా తీరుగ నేను చెప్త."

"నీ తీరుగనే చెప్పు అవ్వా," అంది శ్రీవాణి. కాగితం మడిచి పెట్టేసింది.

శనివారం షెడ్డులో ముప్పై ఫోన్లూ సారక్క గొంతుతో మాట్లాడాయి. "రోటావేటర్ గావాల్నా? ఏ రోజు? ఆ రోజు ఇంకోనికి ఇచ్చిన, మరో రోజు చూసుకో. బండి వచ్చినప్పుడు చేన్ల ఉండాలె, ఇంట్ల పండుకుంటే ఊకోను!"

రైతులు పడీపడీ నవ్వారు. అంజన్న ఎవరికీ కనపడకుండా మూలకు వెళ్లి, మొదటి బుకింగ్ చేశాడు. మధ్యాహ్నానికి పంతొమ్మిదయ్యాయి. చూసి చేయించుకుంటామన్న ముగ్గురిలో ఒకడైన గోపాల్ రాజురా నుంచి ఫోన్ చేశాడు. "మాకు గూడ గిట్లనే గావాలె మేడం. గొంతు మాత్రం మా అమ్మది." సాయంత్రంలోపు మిగతా ఇద్దరూ ఫోన్ చేశారు.

అందరూ వెళ్లాక, ఎండకు మాడిన రేకుల మీద చినుకులు టపటపమన్నాయి. అక్షయ్ గుమ్మంలో నిలబడి వాన వైపు చూస్తున్నాడు.

"పుణెకు ఎప్పుడు?"

"సోమవారం జవాబు చెప్పాలె."

"పోండ్రి అంటే అబద్ధమైతది. పోవద్దు అననీకి నాకేం హక్కుంది?"

"పోతలేను. మూడు పనులొచ్చినయ్. నేనుండేది నా పని కోసం. మీ కోసం గాదు."

అతను తలూపాడు. ఆ తలూపడంలో నొప్పి కనిపించింది గాని, అతను దాన్ని దాచుకోవాలని చూడలేదు.

"మీ సంగతి వేరే," అంది శ్రీవాణి. "ఆ పన్నెండో పేజీ నా దగ్గర లేదు, తీసేసిన. నోటికొస్తది. వింటరా?"

అక్షయ్ ఆమె వైపు తిరిగాడు. ఆమె వానను చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా, చదువుతున్నట్టే చెప్పింది.

"ఇక్కడిదాకా వచ్చినందుకు సంతోషం. పని అయిపోతే మీరు మళ్లీ రారేమోనని భయంగా ఉంది. నా దగ్గరికి రావడానికి మీకు పని ఉండనక్కర్లేదు."

అతని కళ్లు తడయ్యాయి.

"దీనికా నేను ఫైనల్ అన్నది?"

"దీనికే."

"నెల రోజులు మీరొక్కరే మోసిండ్రు." అతను ఒక్క అడుగు దగ్గరికి వచ్చాడు. "రేపు ఆదివారం. నాకేం పని లేదు. రావాల్నా?"

"రా," అంది. అంతవరకూ ఉన్న 'సర్', 'మీరు' అనే మాటలు ఎక్కడికి పోయాయో ఆమెకే తెలియదు. "భద్రావతికి రా. రేపు అమ్మ దగ్గరుంట."

"ఒక్కడేంది వచ్చేది?" లోపలినుంచి సారక్క గొంతు. గోనెసంచులు మడుస్తూ అన్నీ విన్నట్టుంది. "పిల్ల తల్లిని అడగనీకి పెద్దోళ్లు వద్దా? పొద్దుగాల బండి తియ్యి, నేను ముందల కూసుంట."

శ్రీవాణి కొంగుతో మొహం తుడుచుకుని, అమ్మకు ఫోన్ చేసింది. రేపు భోజనానికి ఇద్దరు వస్తారని చెప్పింది.

"ఎవరే?" అంది అమ్మ.

క్లయింటు అనబోయి ఆగింది.

"అక్షయ్," అంది. "వాళ్ల నాయనమ్మను తీసుకుని వస్తుండు."