రూఫస్ కట్టిన డెక్కు

మర్నాటికి తుఫాను ఒడ్డు తాకుతుందని రేడియో చెబుతూనే ఉంది. యూలా ముసలమ్మ మాత్రం ఎప్పటిలాగే కాఫీ కప్పుతో వచ్చి డెక్కు మీద కూర్చుంది. ఎత్తైన గుంజల మీద నిలబడ్డ ఆ ఇంటి వెనక, బయూ అనే ఆ మందపాటి కాలవ నీళ్ల మీదికి చాచినట్టుండే చెక్క డెక్కు అది.

"మా రూఫస్ కట్టాడు. ఏ గాలికీ చెక్కుచెదరదు," అంది, ఎవరూ అడక్కుండానే.

కింద నిచ్చెన మీదున్న డెల్మార్ పళ్లు బిగించాడు. రూఫస్ ఆమె కొడుకు, డెల్మార్ భార్య వెర్లీకి మొదటి భర్త. పోయి ఆరేళ్లయింది. వెర్లీ డెల్మార్‌ని పెళ్లాడినా అత్తగారిని మాత్రం వదులుకోలేదు. దాంతో రూఫస్ కూడా ఇల్లు వదల్లేదు. బతికున్నవాడైతే ఎప్పుడో ఒక తప్పు చేసి దొరికిపోతాడు. పోయినవాడితో పోటీ ఎలా పడాలో డెల్మార్‌కి అర్థం కావడం లేదు.

డెక్కు గాలికి లేచిపోకుండా ప్రతి గుంజనీ పై దూలానికి బిగించమని వెర్లీ ఇనుప పట్టీలు తెచ్చిపెట్టింది. ఇంటివైపు గుంజలన్నిటికీ డెల్మార్ శ్రద్ధగా బిగించాడు. నీళ్లవైపు వరస దగ్గరికొచ్చేసరికి పైనుంచి మళ్లీ "మా రూఫస్..." అని వినిపించింది. మిగిలిన పట్టీలు తీసుకెళ్లి ట్రక్కులో టార్పాలిన్ కింద పడేశాడు.

పీతల బుట్టలు లోపల పెట్టడానికి వచ్చిన వెర్లీ తలెత్తి పట్టీల్లేని గుంజలు చూసింది. వెతికి, పట్టీలు తెచ్చి అతని కాళ్ల ముందు గలగలమని కుమ్మరించింది.

"ఇవి ట్రక్కులో ఎందుకున్నాయి?"

"నిచ్చెన అందలేదు."

"అబద్ధమాడటం కూడా చేతకాదు నీకు."

"పోతే పోనీ! ఇంకోటి కడతాను. నాది."

"అది ఊడొచ్చి ఇంటి గోడని గుద్దితే? లోపల మన మంచాలుంటాయి, తెలుసా?"

"నేను చేప వేయించినా రూఫస్ వేయించినట్టు లేదంటుంది మీ అత్త. ఎన్నాళ్లు వినను?"

"చచ్చిపోయినవాడి మీద కుళ్లేంటి డెల్మార్?"

"బతికుంటే ఈపాటికి కొట్టి ఉండేవాణ్ణి. అదీ లేకుండా పోయింది నాకు!"

మెట్ల మీద అలికిడైంది. యూలా రెయిలింగు పట్టుకుని దిగుతోంది. అంతా వినేసిందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

"దాన్నేమీ అనకు నాయనా. అనాల్సింది నన్ను," అంది ఆయాసపడుతూ. "నువ్వు నా కొడుకువి కావు. అది నా కూతురు కాదు. వాడి పేరెత్తకపోతే ఈ ఇంట్లో నేనెవర్ని? రేపు మీకు బరువనిపిస్తే ఎక్కడికి పోను?" ఇంకో మెట్టు దిగింది. "ఇంకోటి కూడా ఉంది. వంటింట్లో నీతో కలిసి ఇది పగలబడి నవ్వుతుంది చూడు, వాడితో ఎప్పుడూ అలా నవ్వలేదు. అది విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. నాదీ కుళ్లే."

వెర్లీ కొంగలా మెడ చాచి నీళ్లవైపు చూస్తూ నిలబడిపోయింది. కళ్లు తుడుచుకోలేదు.

 డెల్మార్ వంగి ఒక పట్టీ తీసుకుని నిచ్చెనెక్కాడు. యూలా మేకులు గుప్పిట పట్టి, ఒక్కొక్కటే పైకి అందించింది. వెర్లీ నిచ్చెన పట్టుకుంది. ఆఖరి గుంజ బిగించేసరికి చినుకులు మొదలయ్యాయి. ముగ్గురూ ట్రక్కెక్కి, దూరంగా ఎత్తు మీదున్న వెర్లీ చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు.

తుఫాను పోయాక తిరిగొచ్చేసరికి పక్కింటివాళ్ల డెక్కు రోడ్డు మీద బోర్లా పడి ఉంది. వీళ్లది మాత్రం నిలబడింది. కానీ చుట్టూ ఉండే చెక్క రెయిలింగు మొత్తం కొట్టుకుపోయింది.

రూఫస్ చెక్కిన రెయిలింగు అది. ముసలమ్మ ఏమంటుందోనని డెల్మార్ ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

ఆమె చాలాసేపు ఆ ఖాళీ అంచునే చూసింది.

"ఈసారి నీకెలా ఇష్టమైతే అలా కట్టు," అంది మెల్లగా.

"నాకు చెక్కడం రాదు," అన్నాడతను. "వాడు ఎలా చెక్కేవాడో మీరే చెప్పాలి, అమ్మా."