కర్రోడి ఆఖరి నడక

"మళ్ళీ!" అంది కుక్కలకు నడక నేర్పే దిద్దరి ఉరుకుందమ్మ.

నీడబాట మీద నల్లకుక్క కర్రోడు ముందుకు దూకాడు. పలుపు బిగిసింది. మెడపట్టీగా వేసిన కంఠసూత్రం మొదట కీచుమని పిలిచింది, తరువాత వణికింది, చివరకు చురక వేసింది. కర్రోడు కుయ్యిమని ఒళ్ళు విదిలించుకొని, మరుక్షణమే అంతకు రెట్టింపు బలంతో లాగాడు.

"గుంజు నమోదైనది," అంది బాట పక్క స్తంభంలోని బాటవాణి, గొంతులో ఏ తేడా లేకుండా.

పొద్దుటి నుంచి ఇదే తంతు. నడకశాల ముందు కుక్కలను పట్టుకొని జనం బారులు తీరి ఉన్నారు. పైన నీడరేకుల మీద ఎండ చిటపటలాడుతోంది. రేకుల అవతల అడుగు పెడితే అరికాలి తోలు ఊడివచ్చే కాలం. మనిషి, కుక్క, సరుకుబండి, అందరూ ఈ ఇరుకు బాటలోనే నడవాలి. లాగే కుక్కకు ఇందులో చోటు లేదు. ఆఖరి నడక పరీక్షలో తప్పిన కుక్కను నిమ్మళశాలకు పంపుతారు. అక్కడినుంచి తిరిగి వచ్చిన కుక్క పద్ధతిగా నడుస్తుంది. పేరు పెట్టి పిలిస్తే మాత్రం తోక ఆడించదు.

కర్రోడికి మిగిలింది ఆ ఆఖరి నడకే. వాణ్ణి పట్టుకున్న మద్దిలేటి ఒకప్పుడు బండలాగుడు పోటీల్లో ఎద్దుల్ని తోలినవాడు. ఎద్దులు పోయాయి, పోటీలూ పోయాయి. ఇంట్లో అతనికి ఎదురొచ్చే ప్రాణం ఇప్పుడు ఈ కుక్క ఒక్కటే.

"పెద్దాయనా, పలుపు వదులుగా పట్టుకోమంటినా లేదా?"

"వదులుగానే పట్టుకున్యా గదమ్మా."

"ఇదా వదులు? మణికట్టుకు రెండు సుట్లు సుట్టుకుంటివి!"

మద్దిలేటి తన చేతిని తానే కొత్తగా చూసుకున్నాడు. "ఎప్పుడు సుట్టుకున్యానో!"

"సెప్పినప్పుడల్లా ఇప్పుతావు. నాలుగడుగులు పోంగానే మళ్ళా సుడతావు. నీతో ఏగలేక సస్తాండా."

"ఏం జేయమంటావమ్మా? పగ్గం వదిలితే ఎద్దు మోకాళ్ళ మీద పడతాది. బిగబట్టి, నాలిక తాటించి, నేనున్యానని దానికి తెలపాల."

"ఇది ఎద్దు కాదు!"

"నాకు తెల్సు. ఈ సేతికే తెల్దు."

వెనక తెల్లకుక్కతో నిలబడ్డ సుంకులమ్మ కిసుక్కున నవ్వింది. "తాతా, దానికి రెండు కొమ్ములు పెట్టిచ్చు, సరిపోతాది!"

ఉరుకుందమ్మకు నవ్వు రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కర్రోడి మెడ చూసింది. కంఠసూత్రం కింద బొచ్చు రాలిపోయి చర్మం కమిలి ఉంది. వేలు తగలగానే వాడు ఆమె అరచేయి నాకాడు. ఆమె లేచి బాటవాణి స్తంభం వైపు తిరిగింది.

"గుంజింది మనిషి అని రాసుకో."

"గుంజినది శునకం. వేరే గడి లేదు."

"నా కండ్ల ముందర గుంజుతాన్నాడు గదా ఈ మహానుభావుడు!"

"పలుపు బిగువు, మెడ నాడి మాత్రమే తెలియును. కంఠసూత్రం ధరించినది శునకం. ఆఖరి నడకకు సిద్ధం కండి."

పొద్దుటినుంచి ఎంతమంది కోసం అడిగినా ఇదే జవాబు, ఇవే మాటలు. ఉరుకుందమ్మ పళ్ళు కొరికింది. వంగి, కర్రోడి మెడనుంచి కంఠసూత్రం విప్పేసింది.

"కంఠసూత్రం విప్పరాదు. దిద్దరి అధికారం రద్దగును."

"కానీ పో," అని మద్దిలేటి వైపు చూసింది. "సెయ్యి సాపు."

"నాకా?"

"నీకే. మరి ఆ స్తంభానికా?"

కంఠసూత్రాన్ని ఆఖరి బెజ్జం దాకా లాగి అతని మణికట్టుకు బిగించింది. అతని తలగుడ్డను కర్రోడి మెడకు వదులుగా చుట్టి, పలుపు దానికి కట్టింది. "నడువు."

రెండో అడుగుకే పలుపు బిగిసింది. కంఠసూత్రం పిలిచింది. వణికింది. మద్దిలేటి చేయి తన పాటికి తాను పలుపును చుట్టుకుంటూనే ఉంది. చురక పడింది.

"ఓయమ్మో!"

చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. పలుపు జారి వేలాడింది. కర్రోడు ఆగి, ఏమైందన్నట్టు వెనక్కి చూశాడు. కొంత దూరం పోయాక చుట్టు మళ్ళీ పడబోయింది కాని, ఈసారి వణుకుకే వేళ్ళు విడిపోయాయి. మలుపు దగ్గరకు వచ్చేసరికి పిలుపు చాలింది. సరుకుబండి రాసుకుంటూ పోయినా కర్రోడు బెదరలేదు. అతని మోకాలి పక్కనే, తోక కొంచెం ఎత్తి నడుస్తున్నాడు.

మద్దిలేటి తిరిగివచ్చి మణికట్టు నిమురుకుంటూ నిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ ఇదంతా వీని మెడకా పడింది?"

సుంకులమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"కర్రోడు, ఉత్తీర్ణం," అంది బాటవాణి. తరువాత ఎప్పుడూ లేనిది, తడబడింది. "నాడి సరిపోలడం లేదు. పలుపుకు ఏ కొసన శునకం ఉన్నది?"

ఉరుకుందమ్మ మెడలోని అధికార బిళ్ళ ఎర్రబడి ఆరిపోయింది. ఆమె దాన్ని తీసి జేబులో పడేసుకొని, వరసకేసి చూసింది.

సుంకులమ్మ అప్పటికే తన తెల్లకుక్క మెడనుంచి కంఠసూత్రం విప్పి, గాజులు మోచేతికి తోసుకుంటోంది.

"అక్కా, నాది ఎడమసెయ్యి వాటం. దీనికే కట్టు."